"99 శాతం వచ్చింది సార్!": ఏఐ పరిశోధనపై అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో ఏ విభాగం స్కాలర్ అయినా సరే, ఏఐ సాయం కోసం నా దగ్గరికి వస్తే మొదటి మాట ఒకటే: "మోడల్‌కు 99 శాతం వచ్చింది సార్, పేపర్ రాసేద్దామా?" (మోడల్ అంటే డేటా చూసి నేర్చుకునే ప్రోగ్రామ్.) స్కాలర్ల ఏళ్లకు ఏళ్లు తినేస్తున్నది ఈ అపోహే. అందుకే దీని గురించే ఎక్కువ చెబుతా.

అపోహ: యాక్యురసీ (వందలో ఎన్ని సరిగా చెప్పిందనే లెక్క) ఎక్కువొస్తే పని అయిపోయినట్టే.

వాస్తవం: ఏ డేటా మీద వచ్చిందో చెప్పని శాతానికి విలువ లేదు. ఆకు తెగుళ్ల మీద పనిచేసేవాళ్లు ఎక్కువగా డౌన్‌లోడ్ చేసుకునే ప్లాంట్‌విలేజ్ అనే ఆకు ఫొటోల డేటానే చూడండి. 54,306 ఫొటోలు, 14 పంటలు. 2016 నాటి పేపర్‌లో, అదే డేటాలోంచి పక్కన పెట్టిన ఫొటోల మీద 99.35 శాతం వచ్చింది. బయట దొరికిన ఫొటోలు పెడితే 31 శాతానికి పడిపోయింది. రాసినవాళ్లు ఈ సంగతి దాచలేదు. మనవాళ్లే మొదటి అంకె పట్టుకుని పరిగెత్తుతున్నారు. పైగా ఆ 14 పంటల్లో వేరుశనగ లేదు!

బోటనీ చదివే ఒకమ్మాయి వేరుశనగలో తిక్కాకు మచ్చ తెగులు మీద పనిచేసింది. ఎండలో తిరిగి ఫొటోలన్నీ తనే తీసింది. అయితే ఒకే ఆకును నాలుగు వైపుల నుంచి తీసి, అన్నీ కలిపేసి ట్రెయినింగ్‌కు (మోడల్‌కు నేర్పడానికి), టెస్టింగ్‌కు (పరీక్షించడానికి) పంచింది. చూసిన ఆకే మళ్లీ పరీక్షలో వస్తే ఏ మోడలైనా పాసవుతుంది. దీన్నే డేటా లీకేజీ అంటాం. అమెరికాలోని ప్రిన్స్‌టన్ యూనివర్సిటీకి చెందిన కపూర్, నారాయణన్ వెతికితే ఇది 17 రంగాల పేపర్లలో బయటపడింది. మేం చేల వారీగా విడదీశాం: కొన్ని చేలు నేర్పడానికి, మోడల్ అసలు చూడని చేలు పరీక్షకు. శాతం దబ్బున పడింది. పాపం, "మా గైడ్‌కు ఏం చెప్పాలి సార్" అని ఏడ్చేసింది. తప్పులు ఎక్కడ జరిగాయో కూర్చుని చూస్తే, తెగులు ఫొటోల్లో ఎక్కువ భాగం నల్లరేగడి చేలోవి. మోడల్ మచ్చను కాకుండా మట్టి రంగును చూస్తోంది. ఎర్రనేలల్లో తెగులు ఆకులు వెతికి మళ్లీ తీసింది. థీసిస్‌లో ఇప్పుడు బలమైన చాప్టర్ అదే.

వానల డేటాది ఇంకో తంటా. మన ఊళ్లో రోజూ "ఈరోజు వాన లేదు" అని చెప్పేవాడికి కూడా యాక్యురసీ బ్రహ్మాండంగా వస్తుంది. వాన పడిన రోజుల్లో ఎన్నింటిని మోడల్ ముందే పట్టుకుందో అడగండి.

అపోహ: కోడింగ్ రానివాళ్లకు, తెలుగు మీడియం వాళ్లకు ఇది కుదరదు.

టెన్షన్ వద్దు. కావాల్సినంత పైథాన్ (కోడ్ రాసే భాష) కొన్ని నెలల్లో వస్తుంది. ఏ మచ్చ తిక్కాకుదో, ఏది తుప్పు తెగులో చెప్పే కన్ను అంత తొందరగా రాదు, అది మీకుంది.

అపోహ: లక్షల రూపాయల జీపీయూ (పెద్ద మోడళ్లకు వాడే ఖరీదైన చిప్) కావాలి.

నేల పరీక్షల పట్టికలకు మామూలు ల్యాప్‌టాప్ చాలు.

అపోహ: చాట్‌బాట్ థీసిస్ రాసిపెడుతుంది.

లేని పేపర్లను కూడా రిఫరెన్సులుగా ఇస్తుంది. వైవాలో (థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్షలో) నిలబడేది మీరు.

అపోహ: 2024 కెమిస్ట్రీ నోబెల్ ఏఐకే ఇచ్చారు కాబట్టి ఇక ల్యాబులు దండగ.

వాట్సాప్‌లో చదివి వచ్చి నాకు చెబుతారు! బహుమతి అందుకున్నది బేకర్, హసాబిస్, జంపర్ అనే మనుషులు. ప్రొటీన్ల ఆకారాన్ని అంచనా వేసే హసాబిస్, జంపర్‌ల ఏఐ ఆల్ఫాఫోల్డ్ నేర్చుకున్నదేమో, 1971 నుంచి ల్యాబులవాళ్లు ప్రొటీన్ డేటా బ్యాంక్‌లో పోగేసిన నిర్మాణాల నుంచి.

అపోహ: చరిత్ర, తెలుగు విభాగాల వాళ్లకు ఇందులో పనిలేదు.

గ్రీకు శాసనాల్లో చెరిగిన అక్షరాలను పూరించడానికి గూగుల్ వాళ్ల ఏఐ సంస్థ డీప్‌మైండ్, చరిత్రకారులు కలిసి ఇథాకా అనే మోడల్ చేశారు. 2022 ఫలితాల్లో చరిత్రకారులు సొంతంగా 25 శాతం, మోడల్ 62 శాతం సరిగా చెబితే, మోడల్ సాయంతో చరిత్రకారులు 72 శాతం చెప్పారు. కడప జిల్లా కలమళ్లలో క్రీ.శ. 575 నాటి తెలుగు శాసనం పెట్టుకున్న మనం ఇలాంటిది చేయాలంటే, ముందు శాసనాల పాఠాలన్నీ సరిచూసి టైపు చేసి ఒకచోట పెట్టాలి. ఆ లిపి చదవగలిగేవాళ్లు మా కంప్యూటర్ సైన్స్‌లో ఒక్కరూ లేరు.