ఫ్రీవే మీద టోల్ లేన్: డెబ్బై ఏళ్ల గొడవ

అమెరికాలో ఏ ఊళ్లో ఫ్రీవే మీద టోల్ ఎక్స్‌ప్రెస్ లేన్లు, అంటే ఫ్రీ లేన్ల పక్కనే డబ్బు కట్టి త్వరగా వెళ్లే లేన్లు, వేస్తామన్నా, ప్రజాభిప్రాయ సభలో మొదట లేచే ప్రశ్న ఒకటే: "గ్యాస్ (పెట్రోల్) కొట్టించిన ప్రతిసారీ టాక్స్ కడుతూనే ఉన్నాం కదా, మళ్లీ ఈ టోల్ ఏమిటి?" ఇది న్యాయమైన ప్రశ్న. కాదనేవాళ్లు కూడా దీనికి సూటిగా జవాబివ్వాలి. ఆ జవాబు కోసం 1956 దాకా వెనక్కి వెళ్లాలి.

అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ హయాంలో వచ్చిన ఆ ఏడాది చట్టం, రాష్ట్రాలను కలిపే 41,000 మైళ్ల ఇంటర్‌స్టేట్ రోడ్లకు పునాది వేసింది. ఖర్చులో 90 శాతం కేంద్ర ప్రభుత్వమే పెట్టుకుంది. ఆ డబ్బు కోసం గ్యాలన్‌కు 2 సెంట్లున్న గ్యాస్ టాక్స్‌ను 3 సెంట్లు చేసి, వసూలైన సొమ్ము వేరే పనులకు పోకుండా హైవే ట్రస్ట్ ఫండ్ పెట్టారు. కేంద్రం డబ్బుతో కట్టిన ఇంటర్‌స్టేట్ మీద, కొన్ని మినహాయింపులు తప్ప, టోల్ వసూలు చేయకూడదన్నది అప్పటి ఒప్పందం. గ్యాస్ మీద కడతాం, రోడ్డు మీద కట్టం అన్న నమ్మకం జనంలో అలా పాతుకుపోయింది.

ఆ లెక్క తర్వాత తప్పింది. కేంద్ర గ్యాస్ టాక్స్ 1993లో 18.4 సెంట్లకు చేరి, అక్కడే ఆగిపోయింది. ధరలు పెరిగాయి, కార్ల మైలేజీ పెరిగింది, పన్ను మాత్రం పెరగలేదు. పన్ను పెంచే ధైర్యం ఏ పార్టీకీ లేకపోయింది. 2008 నుంచి ఖజానా నుంచి డబ్బు తెచ్చి ట్రస్ట్ ఫండ్‌ను నిలబెట్టాల్సి వస్తోంది. కాబట్టి "కడుతున్నాం కదా" అన్నది నిజమే కానీ, కడుతున్నది సరిపోవడం లేదన్నదీ అంతే నిజం.

డబ్బు సంగతి పక్కన పెడితే, రద్దీకి ధర పెట్టాలన్న ఆలోచన వేరే దారిలో వచ్చింది. కొలంబియా యూనివర్సిటీ ఆర్థికవేత్త విలియం విక్రీ 1950ల మొదట్లోనే న్యూయార్క్ సబ్‌వే టికెట్ ధర వేళను బట్టి మారాలన్నారు. 1959లో అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్ కమిటీ ముందు రోడ్లకూ అదే పద్ధతి సూచించారు. ప్రతి కారుకూ ఒక ఎలక్ట్రానిక్ గుర్తింపు పరికరం పెట్టి, ఎప్పుడు ఎక్కడ తిరిగిందో నమోదు చేసి, నెలాఖరుకు బిల్లు పంపాలన్నారు. ఇవాళ విండ్‌షీల్డ్ మీద అతికిస్తున్న ట్రాన్స్‌పాండర్ ఆలోచన అప్పటిదే. అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. 1996లో ఆయనకు నోబెల్ ప్రకటించారు, మూడు రోజులకే కన్నుమూశారు.

విక్రీ మాట అర్థం కావాలంటే ఒక లేన్‌ను దగ్గరగా చూడాలి. బాగా కదులుతున్నప్పుడు ఒక ఫ్రీవే లేన్‌లో గంటకు సుమారు 2,000 కార్లు పోతాయి. ఆ హద్దు దాటి ఇంకా కార్లు దూరితే ఒకరు బ్రేక్ వేస్తారు, వెనకవాళ్లు ఇంకా గట్టిగా వేస్తారు, కాసేపటికి అంతా ఆగి ఆగి కదలడమే. అప్పుడు అదే లేన్‌లో గంటకు పోయే కార్ల సంఖ్య కూడా పడిపోతుంది. అంటే సరిగ్గా ఎక్కువమందికి అవసరమైన వేళలోనే రోడ్డు తక్కువ పని చేస్తుంది. ఆ హద్దు దాటకుండా కార్లను ఆపగలిగితే అందరికీ లాభం. ఎలా ఆపాలన్నదే అసలు తగువు.

మొదట ప్రయత్నించింది ధరతో కాదు, తలలు లెక్కపెట్టి. వాషింగ్టన్ దగ్గర షిర్లీ హైవే మీద 1969లో బస్సులకు ప్రత్యేక లేన్ ఇచ్చారు, తర్వాత కార్‌పూల్స్‌నూ, అంటే కొందరు కలిసి వెళ్లే కార్లనూ, రానిచ్చారు. అది బాగా నడిచింది. 1976 మార్చిలో లాస్ ఏంజెలెస్‌లో శాంటా మోనికా ఫ్రీవే మీద ఇంకో పని చేశారు: కొత్త లేన్ కట్టకుండా, ఉన్న లేన్లలోంచే ఒక్కో వైపు ఒకటి తీసి, ముగ్గురు అంతకన్నా ఎక్కువమంది ఉన్న కార్లకూ బస్సులకూ కేటాయించారు. మిగతా లేన్లు స్తంభించిపోయాయి. యాక్సిడెంట్లు పెరిగాయి, పత్రికలు దుమ్మెత్తిపోశాయి. పర్యావరణ అధ్యయనం చేయలేదని ఫెడరల్ కోర్టు ఆగస్టులో దాన్ని ఆపేసింది. మొత్తం 21 వారాలు.

ఆ 21 వారాల ప్రభావం నేటికీ పోలేదని నా నమ్మకం. జనం చేతిలో ఉన్నది లాక్కుంటే ఏమవుతుందో రోడ్ల అధికారులు అప్పుడు నేర్చుకున్నారు. ఆ తర్వాత కాలిఫోర్నియా కార్‌పూల్ లేన్లను దాదాపు ఎప్పుడూ కొత్తగా కట్టే ఇచ్చింది. కానీ అలా కట్టిన లేన్లలో కొన్ని ఖాళీగా కనిపించేవి. పక్కన నాలుగు లేన్లు నిలిచిపోయి ఉంటే, ఎడమవైపు లేన్‌లో కార్లు పలచగా దూసుకుపోతుంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది.

ఆ ఖాళీని అమ్ముదామన్న ఆలోచన శాన్ డియేగోలో ఇంటర్‌స్టేట్ 15 (ఐ-15) మీద అమలైంది. అక్కడ 8 మైళ్ల కార్‌పూల్ లేన్లు 1988లో తెరిచారు. 1996 డిసెంబర్‌లో ఒంటరిగా వెళ్లేవాళ్లకు పరిమిత సంఖ్యలో నెలవారీ పాస్‌లు అమ్మారు. 1998లో దాన్ని ట్రిప్పు లెక్కన మార్చి, రద్దీని బట్టి ప్రతి ఆరు నిమిషాలకూ టోల్ మారేలా చేశారు. కార్‌పూల్స్‌కు ఫ్రీ అలాగే ఉంది. వచ్చిన డబ్బుతో అదే దారిలో ఎక్స్‌ప్రెస్ బస్సు నడిపారు. ఎవరిదీ ఏదీ పోలేదు, కారు లేనివాళ్లకు కూడా కొంత దక్కింది. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో అన్నిటికన్నా నిజాయితీగా జరిగిన పని ఇదే.

శాన్ డియేగోలో పాస్‌లు అమ్మడానికి ఏడాది ముందే, ఇంకా ఉత్తరాన, వేరే కథ మొదలైంది. రివర్‌సైడ్ కౌంటీలో ఇళ్లు చవక, ఉద్యోగాలు ఆరెంజ్ కౌంటీలో. మధ్యలో శాంటా అనా కాన్యన్, దాని గుండా స్టేట్ రూట్ 91. రోడ్డు వెడల్పు చేయడానికి రాష్ట్రం దగ్గర డబ్బు లేదు. 1989లో వచ్చిన చట్టం కింద ఒక ప్రైవేట్ కంపెనీ రోడ్డు మధ్యలో 10 మైళ్ల పొడవున నాలుగు లేన్లు కట్టి, 1995 డిసెంబర్ 27న తెరిచింది. టోల్ బూత్ ఒక్కటీ లేదు, అంతా ట్రాన్స్‌పాండర్లే. వేళను బట్టి 25 సెంట్ల నుంచి రెండున్నర డాలర్ల దాకా. దేశంలో ఇలాంటిది అదే మొదటిది. జనం వాడారు, మెచ్చుకున్నారు కూడా.

చిక్కు కాంట్రాక్టులో ఉంది. 2030 దాకా, ఆ లేన్లకు అటూ ఇటూ ఒకటిన్నర మైళ్ల పరిధిలో రాష్ట్రం పోటీగా రోడ్డు సామర్థ్యం పెంచకూడదని అందులో రాసుకున్నారు. కొన్నేళ్లకు ఇంకో టోల్ రోడ్డు వచ్చి 91లో కలిసింది. ఆ కూడలి దగ్గర కార్లు కలవడానికి అదనపు లేన్లు వేయాలని, అది భద్రత కోసమని రాష్ట్ర రవాణా శాఖ కాల్‌ట్రాన్స్ తలపెట్టింది. కంపెనీ 1999లో కోర్టుకెళ్లింది. కాల్‌ట్రాన్స్ వెనక్కి తగ్గింది. ఫ్రీ లేన్లలో రోజూ ఇరుక్కుంటున్నవాళ్లకు అప్పుడు అర్థమైంది, తమ రోడ్డు బాగుపడకుండా ఉండటమే ఒకరి ఆదాయానికి ఆధారమని. అంతకన్నా కోపం తెప్పించే సంగతి ఏముంటుంది? చివరికి ఆరెంజ్ కౌంటీ రవాణా సంస్థ 2003 జనవరిలో 20 కోట్ల 75 లక్షల డాలర్లు పోసి ఆ లేన్లను కొనేసింది. కంపెనీ వాటిని కట్టింది సుమారు 13 కోట్లకు. ఆ నిబంధన అంతటితో పోయింది.

ఆ తర్వాత ఊరూరా ఇవి వచ్చాయి. 2005లో మినియాపొలిస్ ఐ-394, 2008లో మయామీ ఐ-95, 2012లో వాషింగ్టన్ బెల్ట్‌వే, తర్వాత డాలస్, షార్లట్. ఖాళీ లేన్‌ను వాడుకోవడం కోసం మొదలైన టోల్, పోను పోను కొత్త లేన్ల అప్పు తీర్చే సాధనంగా మారింది. ఈ రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి, ఒకటి కావు. మొదటిదానికి లేన్ కదిలితే చాలు. రెండోదానికి వసూళ్లు కావాలి, వసూళ్లు రావాలంటే పక్క లేన్లు జామ్ అయి ఉండాలి.

జనం తిరగబడ్డ చోట్లన్నీ చూడండి, శాంటా మోనికా మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. అట్లాంటా ఐ-85లో 2011 అక్టోబర్‌లో టోల్ పెట్టినప్పుడు, అప్పటిదాకా ఇద్దరుంటే ఫ్రీగా వెళ్లిన లేన్‌కు ముగ్గురుండాలన్నారు. లేన్ ఖాళీ, పక్కవి కిటకిట. వారం తిరక్కుండానే గవర్నర్ నాథన్ డీల్ టోల్ తగ్గించమన్నారు. సియాటిల్ దగ్గర బెల్వ్యూ నుంచి లిన్‌వుడ్ దాకా ఐ-405 మీద 2015 సెప్టెంబర్‌లోనూ ఇదే జరిగింది, పీక్ అవర్స్‌లో ఇద్దరి కార్‌పూల్‌కు ఉచితం పోయింది. బాథెల్ దాటాక ఎక్స్‌ప్రెస్ లేన్ ఒక్కటే కావడంతో అక్కడ ముడి పడింది. ఆరు నెలలకు రాత్రులూ వారాంతాలూ టోల్ ఎత్తేశారు. 2017లో ఉత్తరం వైపు రోడ్డు అంచును రద్దీ వేళల్లో లేన్‌గా తెరిచాక ఆ ముడి కొంత సడలింది. అయినా టోల్ గరిష్ఠ పరిమితి 10 డాలర్లు చాలక, 2024లో 15 చేశారు. వర్జీనియాలో ఐ-66 మీద 2017 డిసెంబర్‌లో టోల్ మొదలైన రోజే అది 34.50 డాలర్లకు ఎక్కింది. అంతకుముందు రద్దీ వేళల్లో ఒంటరి డ్రైవర్లకు, కొన్ని మినహాయింపులు తప్ప, అక్కడ ప్రవేశమే లేదన్న సంగతి ఆ గోలలో ఎవరూ వినలేదు.

ధనికుల లేన్లన్న విమర్శ మొదటి నుంచీ ఉంది. 91 మీద చేసిన అధ్యయనాల్లో అన్ని ఆదాయాలవాళ్లూ వాడుతున్నారని తేలింది, ఎక్కువ ఆదాయమున్నవాళ్లు మరింత తరచుగా వాడుతున్నారనీ తేలింది. చాలామంది రోజూ కాదు, డేకేర్ మూసేలోపు పిల్లాణ్ణి తెచ్చుకోవాల్సిన టెన్షన్ ఉన్న రోజున కడతారు. కానీ గంట కూలీకి ఆ అవసరం రోజూ రావచ్చు. లాస్ ఏంజెలెస్‌లో 2012లో లేన్లు తెరిచినప్పుడు తక్కువ ఆదాయమున్నవాళ్లకు రాయితీ పెట్టారు. మిగతా చోట్ల దీన్ని మొదటి రోజు నుంచే ఎందుకు పెట్టరో నాకు అంతుపట్టదు.

91 దగ్గరికే వస్తే, పాత కాంట్రాక్టు ప్రకారం 2030లో ఆ లేన్లు రాష్ట్రానికి తిరిగి రావాలి. రోడ్డు ప్రజా సంస్థ చేతికి వచ్చాక, 2008లో శాసనసభ చేసిన చట్టం టోల్ వసూలును 2065 దాకా అనుమతించింది. మిగిలిన డబ్బు ఆ కారిడార్ మీదే ఖర్చు పెట్టాలన్న షరతు ఉంది. 2017లో ఆ లేన్లు రివర్‌సైడ్ కౌంటీలోకీ సాగాయి, వాటికి వేరే టోల్, వేరే అప్పు.