బాండ్ చావు వెనక అరవై ఏళ్ల హక్కుల గొడవ

'నో టైమ్ టు డై' చివర్లో జేమ్స్ బాండ్ చనిపోయాడు. 1962 నుంచి అధికారిక సిరీస్‌లో ఇరవై నాలుగు సినిమాల పాటు ఎన్ని తూటాలు తప్పించుకున్నాడో లెక్కలేదు. ఇరవై అయిదో సినిమాకొచ్చేసరికి క్షిపణులు వచ్చి పడుతుంటే కదలకుండా నిలబడిపోయాడు. 2021లో ఆ సినిమా వచ్చినప్పుడు అభిమానుల మధ్య మొదలైన వాదన ఇంకా నడుస్తూనే ఉంది. బాండ్‌ను చంపడమేంటి, అదేం బాండ్ సినిమా అనేవాళ్లు ఒకవైపు, ఒక్కసారైనా ఆ ధైర్యం చేశారు కదా అనేవాళ్లు ఇంకోవైపు.

నాకు ఆ ముగింపు నచ్చింది. నచ్చనిది దానికి ముందు నడిచిన కథ. బాండ్‌కు పుట్టు శత్రువు లాంటి బ్లోఫెల్డ్‌ను జైలు గదిలో కూర్చోబెట్టి, ఒకే ఒక్క సన్నివేశంలో పని ముగించేశారు. అతని స్పెక్టర్ ముఠా అంతకు ముందే క్యూబాలో ఒక పార్టీలో మూకుమ్మడిగా కుప్పకూలిపోయింది. అంత పెద్ద విలన్‌ను అంత తేలిగ్గా ఎలా వదిలించుకున్నారు? కథ రాసినవాళ్లను తిట్టుకోవచ్చు కానీ, అసలు చిక్కు వాళ్లు మొదలుపెట్టింది కాదు. 1950ల చివర్లో మొదలైంది.

బ్రిటన్ నౌకాదళ గూఢచార విభాగంలో పనిచేసిన ఇయాన్ ఫ్లెమింగ్, జమైకాలోని తన ఇంట్లో కూర్చుని రాసిన మొదటి బాండ్ నవల 'కసీనో రొయాల్' 1953లో వచ్చింది. సినిమా వాళ్లు ఎగబడి వస్తారనుకుంటే రాలేదు. డబ్బు అవసరమై ఆ నవల హక్కులను విడిగా, చవగ్గా అమ్మేశాడు. 1954లో అమెరికా టీవీలో గంట నాటకంగా వచ్చింది. అందులో బాండ్ అమెరికన్! తర్వాత ఆ హక్కులు చేతులు మారి, 1967లో వెటకారపు సినిమాగా తేలాయి. ఆ ఒక్క అమ్మకం వల్లే అసలు బాండ్ నిర్మాతలకు మొదటి నవల దాదాపు నాలుగు దశాబ్దాలు అందలేదు.

రెండో పొరపాటు ఇంకా ఖరీదైంది. 1958-59లో కెవిన్ మెక్‌క్లోరీ అనే ఐరిష్ నిర్మాతతోనూ, జాక్ విటింగమ్ అనే రచయితతోనూ కలిసి ఫ్లెమింగ్ నేరుగా సినిమాకే ఒక కథ అల్లాడు. స్పెక్టర్ ముఠా ఆ కసరత్తులోంచే పుట్టింది. సినిమా ముందుకు సాగలేదు. ఫ్లెమింగ్ మాత్రం ఆ కథను 'థండర్‌బాల్' పేరుతో నవలగా రాసేసి 1961లో అచ్చేయించాడు, మిగతావాళ్ల పేర్లు లేకుండా. మెక్‌క్లోరీ కోర్టుకెక్కాడు. అప్పటికే గుండెపోటుతో దెబ్బతిన్న ఫ్లెమింగ్ 1963 చివర్లో రాజీ పడ్డాడు. 'థండర్‌బాల్' సినిమా హక్కులు మెక్‌క్లోరీకి దక్కాయి. మరుసటి ఏడాది ఆగస్టులో, 56 ఏళ్ల వయసులో, ఫ్లెమింగ్ పోయాడు.

ఈలోగా మిగతా నవలల హక్కులు హ్యారీ సాల్ట్‌జ్‌మన్, ఆల్బర్ట్ 'కబ్బీ' బ్రాకలీ జోడీ చేతికొచ్చాయి. 1962లో సుమారు పది లక్షల డాలర్లతో తీసిన 'డాక్టర్ నో' షాన్ కానరీని స్టార్‌ను చేసింది. ఆ గాలి మన దాకా రావడానికి ఎంతో కాలం పట్టలేదు. 1966లోనే 'గూఢచారి 116' వచ్చి కృష్ణకు ఆంధ్రా జేమ్స్ బాండ్ అనే పేరు తెచ్చిపెట్టింది. అక్కడ మాత్రం సినిమాలతోపాటు గొడవా పెరిగింది. మెక్‌క్లోరీతో పేచీ ఎందుకని బ్రాకలీ, సాల్ట్‌జ్‌మన్ అతన్నే నిర్మాతగా కలుపుకుని 1965లో 'థండర్‌బాల్' తీశారు. పదేళ్ల దాకా ఆ కథతో ఇంకో సినిమా తీయకూడదన్నది ఒప్పందం.

ఆ గడువు తీరగానే మెక్‌క్లోరీ మళ్లీ తయారయ్యాడు. స్పెక్టర్, బ్లోఫెల్డ్ తనవేనన్నాడు. దాంతో 1977 నాటి 'ద స్పై హూ లవ్డ్ మీ'లో స్పెక్టర్‌ను కథలోంచి తీసేసి, స్ట్రామ్‌బర్గ్ అనే సముద్రపు పిచ్చోడిని పెట్టారు. 1981లో 'ఫర్ యువర్ ఐస్ ఓన్లీ' మొదట్లో ఒక బట్టతల మనిషి కనిపిస్తాడు. చక్రాల కుర్చీలో కూర్చుని, పక్కన తెల్ల పిల్లి, అచ్చం పాత సినిమాల్లోని బ్లోఫెల్డ్ వేషమే. బాండ్ అతన్ని హెలికాప్టర్‌తో ఎత్తుకెళ్లి ఫ్యాక్టరీ పొగ గొట్టంలో పడేస్తాడు. అతనెవరో సినిమా చెప్పదు, చెప్పనక్కర్లేదు కూడా. పొలం గట్టు తగాదాలో పక్కవాడి దిష్టిబొమ్మను తగలబెట్టినట్టే ఉంటుంది ఆ సన్నివేశం. 1983లో మెక్‌క్లోరీ హక్కులతో, కానరీనే హీరోగా 'నెవర్ సే నెవర్ అగైన్' వచ్చింది. అదే ఏడాది ఉదయ్‌పూర్‌లో కొంత షూటింగ్ జరుపుకున్న, అధికారిక సిరీస్ బాండ్ రోజర్ మూర్ 'ఆక్టోపస్సీ' కూడా వచ్చింది. వసూళ్లలో మూర్‌దే పైచేయి.

1989 తర్వాత బాండ్ ఆరేళ్లు కనపడకుండా పోవడానికి కూడా కోర్టు గొడవే కారణం. అది మాత్రం బాండ్ సినిమాల వెనకున్న హాలీవుడ్ స్టూడియో ఎంజీఎం యాజమాన్యం మారడం వల్ల, టీవీ హక్కుల దగ్గర వచ్చిన పేచీ. అప్పటి బాండ్ టిమోతీ డాల్టన్ మూడో సినిమా అందులోనే కొట్టుకుపోయింది. నన్నడిగితే అన్నిటికన్నా అన్యాయమైపోయింది ఆయనే.

1997లో సోనీ సంస్థ మెక్‌క్లోరీతో చేతులు కలిపి పోటీ బాండ్ సిరీస్ తీస్తామని ప్రకటించింది. ఎంజీఎం దావా వేసింది. 1999లో రాజీ కుదిరింది. సోనీ బాండ్‌ను వదులుకుంది, 'కసీనో రొయాల్' హక్కులు ఎంజీఎంకి చేరాయి. స్పైడర్‌మ్యాన్ మీద ఎంజీఎంకున్న హక్కులు సోనీ వైపు వెళ్లాయి. 2006లో డేనియల్ క్రెయిగ్ కొత్త బాండ్‌గా, కథ మొదటి నుంచి మొదలైందంటే, ఆ మొదటి నవల ఎట్టకేలకు చేతికొచ్చింది కాబట్టే. ఆ సినిమా విడుదలైన నవంబర్‌లోనే మెక్‌క్లోరీ చనిపోయాడు.

స్పెక్టర్ మాత్రం ఇంకా అందలేదు. అందుకే 'క్వాంటమ్' అనే ముఠాను కొత్తగా కల్పించారు. 2010లో ఎంజీఎం దివాలా తీయడంతో ఆలస్యమైనా, 2012లో వచ్చిన 'స్కైఫాల్' వంద కోట్ల డాలర్లు దాటేసింది. స్పెక్టర్ అవసరం లేకుండానే క్రెయిగ్ బాండ్ హాయిగా నడుస్తున్నాడు. సరిగ్గా అప్పుడే, 2013 నవంబర్‌లో, మెక్‌క్లోరీ వారసుల నుంచి హక్కులన్నీ వచ్చి పడ్డాయి. నలభై ఏళ్లు ఎదురుచూసిన ఆస్తి వచ్చాక వాడకుండా ఎవరుంటారు! రెండేళ్లలో 'స్పెక్టర్' వచ్చింది. బ్లోఫెల్డ్‌ను బాండ్‌కు చిన్ననాటి అన్న వరస చేశారు. అప్పటిదాకా వచ్చిన విలన్లంతా అతని మనుషులేనన్నారు. మూడు సినిమాల కథకు వెనక నుంచి అతుకు వేశారన్నమాట. 'నో టైమ్ టు డై' ఆ అతుకును వదిలించుకోడానికే సగం సమయం ఖర్చు పెట్టింది. అది వదిలాక, కూతురితో, ద్వీపంతో నడిచే చివరి గంటలో సినిమాకు ఊపిరి వచ్చింది.

బాండ్‌ను చంపే నిర్ణయం మాత్రం హక్కుల కాగితాల వల్ల వచ్చింది కాదు. కబ్బీ కూతురు బార్బరా బ్రాకలీ, ఆమె సవతి అన్న మైకేల్ విల్సన్ ఒప్పుకుని తీసుకున్నది. ఒక కుటుంబం చేతిలో ఉంది కాబట్టే అంత మొండి నిర్ణయం సాధ్యమైందని నా నమ్మకం. ఆ కుటుంబం ఇప్పుడు పక్కకు జరిగింది. 845 కోట్ల డాలర్లకు ఎంజీఎంను కొన్న అమెజాన్‌కు 2025 ఫిబ్రవరిలో సృజన పగ్గాలు అప్పగించింది. తర్వాతి బాండ్ సినిమాకు దర్శకుడిగా 'డ్యూన్' తీసిన డెనీ విల్నవ్‌ను తీసుకున్నారు. ఆయన పని తెలిసిన మనిషే, భయం లేదు. నా టెన్షన్ ఓటీటీ సిరీస్‌ల గురించి, పక్క పాత్రలతో అల్లే పిల్ల కథల గురించి. బాండ్ పై అధికారి సెక్రటరీ మనీపెన్నీ చిన్నప్పుడు ఏం చేసిందో ఎనిమిది ఎపిసోడ్లలో చూడాలన్న కోరిక నాకైతే లేదు.

హక్కుల కథలో ఇంకో మలుపు మన దేశంలో ఇప్పటికే వచ్చేసింది. భారత చట్టం ప్రకారం రచయిత పోయాక అరవై ఏళ్లకు కాపీరైట్ తీరుతుంది. ఫ్లెమింగ్ బతికుండగా అచ్చైన నవలలకు ఇక్కడ 2024తో గడువు ముగిసింది. బ్రిటన్‌లో అది 2034 చివరి దాకా ఉంటుంది. 007 గుర్తు, తుపాకీ గొట్టంలోంచి చూసే ఆ ఆరంభం, ఆ సంగీతం మాత్రం సినిమా వాళ్లవే, వాటి జోలికి వెళ్లకూడదు. నవలల సంగతి వేరు. 'కసీనో రొయాల్'ను తెలుగులోకి తెచ్చి ఇక్కడ అచ్చేయాలనుకునే ప్రచురణకర్త, ఫ్లెమింగ్ వారసులను అడగాల్సిన పని లేదు.