ఫార్మాట్ తర్వాత రంగులు పోతే మానిటర్ పోయినట్టు కాదండీ

ఫార్మాట్ కొట్టించాక ఐకాన్లు ఇంతింత లావు కనిపిస్తున్నాయి, ఫొటోల్లో రంగులు మచ్చలుమచ్చలుగా వస్తున్నాయి, మానిటర్ పోయిందంటున్నారు, కొత్తది ఎంతవుతుంది? పాత సిస్టమ్‌లు వాడేవాళ్ళు ఎవరో ఒకరు ఇదే అడుగుతుంటారు. ముందు డబ్బులు జేబులోనే ఉంచండి.

అపోహ: మానిటర్ పాతదైతే రంగులు తగ్గిపోతాయి.

వాస్తవం: వీజీఏ కేబుల్‌తో నడిచే సీఆర్‌టీకి, అంటే వెనక డబ్బాలా ఉండే పాత మానిటర్‌కి, అసలు రంగుల లెక్కే తెలీదు, ఎరుపు ఆకుపచ్చ నీలం మూడు వైర్లలో ఎంత వోల్టేజి వస్తే అంత వెలుగు చూపిస్తుంది, అంతే. 16 రంగులా, 256నా, 1.67 కోట్లా అన్నది తేల్చేది సీపీయూలో ఉండి బొమ్మని మానిటర్‌కి పంపే గ్రాఫిక్స్ కార్డూ, దాన్ని విండోస్‌లో నడిపించే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవరూ. డ్రైవర్ వెయ్యకపోతే విండోస్ 98 పాత వీజీఏ మోడ్‌లోనే లేస్తుంది, అడ్డంగా 640 నిలువుగా 480 చుక్కలు (640×480), 16 రంగులు. అందుకే ఐకాన్లు లావు, రంగులు మచ్చలు. 1987లో ఐబీఎం తెచ్చిన స్టాండర్డ్ అది, ఏ కార్డయినా ఆ మాత్రం చేస్తుంది కాబట్టి విండోస్ దాన్నే పట్టుకుంటుంది.

పెళ్ళికార్డుల సీజన్‌లో ఒక డీటీపీ ఆయన మానిటర్ ఒక్కటే ఆటోలో వేసుకుని వచ్చారు, సీపీయూ షాపులోనే వదిలేసి. నా సిస్టమ్‌కి పెడితే 1024×768లో శుభ్రంగా వచ్చింది. పాపం పేజ్‌మేకర్, అనూ ఫాంట్లు అన్నీ మళ్ళీ వేయించుకుని, చేతిలో ఆర్డర్లు పెట్టుకుని, మానిటర్‌కి అప్పు చేద్దామనుకున్నారు. వాళ్ళ షాపుకెళ్ళి విండోస్‌లో పరికరాల జాబితా చూపించే డివైస్ మేనేజర్ తెరిస్తే డిస్‌ప్లే పక్కన పసుపు గుర్తు, అంటే డ్రైవర్ లేదు. మదర్‌బోర్డుతో వచ్చిన సీడీ బీరువాలోనే ఉంది, డ్రైవర్ వేసి రీస్టార్ట్ చేస్తే అయిపోయింది. ఫార్మాట్ చేసినవాళ్ళు ఆ సీడీ ఒక్కసారి అడిగుంటే ఆయనకి ఆ తిప్పలే ఉండేవి కావు.

డ్రైవర్ వేసినా రంగులు పెరగట్లేదంటే కార్డు మెమరీ చూడండి. 1 ఎంబీ కార్డులో 1024×768కి 256 రంగులే పడతాయి, 16 బిట్ (దాదాపు 65 వేల రంగులు) కావాలంటే ఒకటిన్నర ఎంబీ ఉండాలి. అదే కార్డులో 800×600కి దిగితే 16 బిట్ వచ్చేస్తుంది. రెండూ కావాలంటే కార్డు మార్చుకోవాలి, మానిటర్ కాదు.

32 బిట్ పెడితే 24 బిట్ కన్నా రంగులు ఎక్కువొస్తాయా? రావు, అవే 1.67 కోట్లు. స్క్రీన్ మీద 256 రంగులుంటే ప్రింటు కూడా పాడవుతుందా? అవ్వదు, ఫైల్లో రంగులు ఫైల్లోనే ఉంటాయి.

స్క్రీన్ మొత్తం పసుపు తిరిగితే మాత్రం ముందు కేబుల్ ఊడదీసి పిన్నులు చూడండి. మూడో పిన్ను వంగిపోయి నీలం అందకపోతే అచ్చం అలాగే అవుతుంది.