మిషన్ దిగాక తేరుకోవడానికి ఎంతసేపు?

కిడ్నీలు పనిచేయక మా పెద్ద మామయ్య మంగళ, గురు, శనివారాల్లో డయాలసిస్‌కి, అంటే మిషన్‌తో రక్తం శుభ్రం చేయించుకోడానికి వెళ్తాడు. పొద్దున్నే ఆరింటి షిఫ్టు. పదకొండు దాటాక సత్యనారాయణపురంలో ఇంటి ముందు ఆటో దిగి, చొక్కా కూడా విప్పకుండా మంచం మీద వాలిపోతాడు. ఎడమ చేతి ఫిస్టులా (మిషన్ సూదులు గుచ్చేందుకు ఆపరేషన్‌తో కలిపిన రక్తనాళం) మీద దూది కట్టు అలాగే ఉంటుంది. అత్తయ్య అన్నం కలిపి తెస్తే "కాసేపాగవే" అంటాడు. ఆ కాసేపు ఒక్కోసారి దీపాలు పెట్టేవేళ దాకా సాగుతుంది. చూడ్డానికొచ్చిన వాళ్ళేమో "రక్తం శుభ్రమైందిగా, ఇంకా ఈ నీరసమేంటి?" అంటారు. ఆ మాట వింటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

మన కిడ్నీలు వారానికి 168 గంటలూ పనిచేస్తాయి. మిషన్‌కి దొరికేది 12 గంటలు. రెండు రోజులుగా ఒంట్లో చేరిన నీటినంతా నాలుగు గంటల్లో లాగేయాలి. మిషన్ నీటిని తీసేది రక్తంలోంచే. కండరాల్లో, చర్మం కింద చేరిన నీరు మెల్లగా రక్తంలోకి ఊరుతుంది. ఊరేదాని కన్నా తోడేది ఎక్కువైతే బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి. గుండె కండరానికే కాసేపు రక్తం చాలదు. 60 కిలోల మనిషి 3 లీటర్లు పెరిగి వస్తే గంటకు 750 మిల్లీలీటర్లు, అంటే ఒంటి బరువులో కిలోకి 12.5 చొప్పున తీయాలి. గంటకి కిలోకి 13 దాటితే గుండెకి ముప్పు పెరుగుతుందని పరిశోధనలు హెచ్చరించాయి. అదే మనిషి 4 లీటర్లతో వస్తే లెక్క 16 దాటిపోతుంది.

వారానికి రెండుసార్లే వెళ్ళగలిగేవాళ్ళకి ఇది ఇంకా కష్టం. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఎ.కొండూరు తండాల్లాంటి చోట్ల నుంచి బెజవాడ దాకా వచ్చేవాళ్ళయితే ఆ ఒంటితోనే మళ్ళీ బస్సెక్కాలి.

నీరసానికి వేరే కారణాలూ ఉన్నాయి. ఎర్ర రక్తకణాలు తయారవ్వమని ఎముక మజ్జకి కబురు పంపే ఎరిత్రోపొయెటిన్ కిడ్నీలోనే పుడుతుంది. అది తగ్గితే రక్తహీనత. అందుకే ఆ ఇంజెక్షన్లు, ఐరను. ప్రతి డయాలసిస్‌లోనూ కొన్ని గ్రాముల అమైనో ఆమ్లాలు కొట్టుకుపోతాయి. గుడ్డు తెల్లసొన తినమనేది అందుకే.

ఇంత నీరసాన్నీ కొలిచే రక్తపరీక్ష లేదు. ఒక ప్రశ్న మాత్రం ఉంది: "డయాలసిస్ అయ్యాక తేరుకోవడానికి మీకు ఎంతసేపు పడుతుంది?" 2014లో వెలువడిన ఒక అధ్యయనంలో 12 దేశాల్లో 6,000 మందికి పైగా దీనికి జవాబిచ్చారు. నాలుగో వంతు మందికి పైగా 6 గంటలు దాటుతుందన్నారు. ఎక్కువసేపు పట్టేవాళ్ళే ఆసుపత్రిలో ఎక్కువసార్లు చేరారు, వాళ్ళలో మరణాలూ ఎక్కువే. కాబట్టి ఈ జవాబు డాక్టరు చెవిన పడి తీరాలి. డ్రై వెయిట్ (ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు) సరిచూడటం, సమయం ఓ అరగంట పెంచడం, మిషన్‌లో రక్తాన్ని శుభ్రం చేసే ద్రవం వేడి కొంచెం తగ్గించడం ఆయన చేతిలో పని. వేడి తగ్గిస్తే కొందరికి చలేస్తుంది, దుప్పటి పట్టుకెళ్ళాలి.

మన చేతిలో ఉన్నది ఉప్పు. 9 గ్రాముల ఉప్పు ఒంట్లో దాదాపు లీటరు నీటిని పట్టి ఉంచుతుంది. ఆవకాయ, గోంగూర పచ్చడి పళ్ళెంలో పెట్టి, ఆనక నీళ్ళు తాగొద్దని కసురుకుంటే రోహిణి కార్తె ఎండలో ఆ మనిషి ఏం చేస్తాడు? దాహం పుట్టించింది మనమే కదా. పోనీ కొబ్బరినీళ్ళిద్దామంటే అందులో పొటాషియం ఎక్కువ. అది గుండె లయకే ప్రమాదం.

అత్తయ్య ఇప్పుడు క్యాలెండరు మీద మామయ్య లేచి కూర్చున్న టైము రాస్తోంది. మొన్న గురువారం గడిలో 3:20 అని ఉంది. పోయిన నెలలో పెళ్ళి భోజనం తిన్న మర్నాటి గడిలో రాత్రి 9. వచ్చే డాక్టరు చూపుకి ఆ కాగితం చింపి పట్టుకెళ్తానంటోంది.