పేరు తెలుసుకుని చూడండి

చిరంజీవులైన పిల్లలకు,

అమ్మమ్మ ఆశీస్సులు. ఫోన్‌లో ఎవరి వీడియోలు చూస్తే మంచిదని మొన్న మీరు అడిగినప్పుడు నేను వెంటనే జవాబు చెప్పలేదు. నాకు తోచిన పేర్లన్నీ అమెరికాలోని నల్లజాతి వారివి. వారు ఎవరో, వారిని ఎందుకు చూడాలో వివరంగా చెప్పకుండా పేర్లు మాత్రమే అప్పగించడం నాకు ఇష్టం లేకపోయింది.

మొదట అలెక్సిస్ నికోల్ నెల్సన్ గురించి చెబుతాను. ఒహాయో రాష్ట్రానికి చెందిన ఈమె 'బ్లాక్ ఫోరేజర్' అనే పేరుతో వీడియోలు చేస్తుంది. ఎవరూ విత్తకుండా, నీళ్ళు పెట్టకుండా తమంతట తాముగా మొలిచే ఆకులు, పూలు, కాయలు ఏరి తెచ్చుకుని వండుకోవడం ఆమె విద్య. మా అమ్మ పొలం గట్ల మీద గంగపాయల కూర, పొన్నగంటి కూర కోసుకొచ్చి పప్పులో వేసేదని మీకు చెప్పాను కదా, ఇంచుమించు అదే పని. అలెక్సిస్‌కు ఐదేళ్ళ వయసులో, సిన్సినాటిలోని ఇంటి పెరట్లో వాళ్ళమ్మ ఒక రకం గడ్డిని చూపించి, అది ఉల్లి వాసన వేస్తుందని చెప్పిందట. ఆమె ఆసక్తి అక్కడే మొదలైంది.

ఆమె వంటతో పాటు చరిత్ర కూడా చెబుతుంది. బానిసత్వ కాలంలో యజమానులు కొలిచి ఇచ్చే మొక్కజొన్న పిండి, ఉప్పు వేసిన పంది మాంసం చాలక, నల్లజాతి వారు వేటాడి, చేపలు పట్టి, అడవిలో ఆకులూ కాయలూ ఏరుకుని పిల్లల కడుపు నింపుకునేవారు. 1865లో బానిసత్వం రద్దయిన తర్వాత దక్షిణాది రాష్ట్రాలు పరాయి భూమిలో అడుగుపెట్టడాన్ని నేరం చేసే చట్టాలను, కంచెల చట్టాలను బిగించాయి. సొంత భూమి లేని వారికి అడవి దారి మూసుకుపోయింది, దానితో పాటే తల్లి నుంచి బిడ్డకు అందవలసిన ఆకుల పరిచయం కూడా చాలా ఇళ్ళలో ఆగిపోయింది. ఆ తెగిన పోగును ఈ అమ్మాయి నవ్వుతూ, పాడుతూ మళ్ళీ ముడివేస్తున్నదని నాకు అనిపిస్తుంది. 2022లో ఆమెకు అమెరికా వంట రంగంలో ఎంతో గౌరవమైన జేమ్స్ బియర్డ్ పురస్కారం వచ్చింది. వీడియో చివర ఆమె "హాయిగా తినండి, చచ్చిపోకండి" అంటుంది. ఆ రెండో మాట మీకు నా ఆజ్ఞ కూడా, తెలిసిన పెద్దవారు పక్కన లేకుండా ఏ ఆకూ నోట పెట్టకండి.

ఆ చరిత్రను మొదటి నుంచి వరుసగా తెలుసుకోవాలంటే, కవి క్లింట్ స్మిత్ 2021లో మొదలుపెట్టి 'క్రాష్ కోర్స్' అనే యూట్యూబ్ ఛానల్‌లో చెప్పిన నల్లజాతి అమెరికన్ల చరిత్ర పాఠాలు చూడండి. కొన్ని భాగాలు మనసును కలచివేస్తాయి, వాటిని అమ్మానాన్నలతో కలిసి చూడండి.

ఫోన్లు, కంప్యూటర్ల మీద ఆసక్తి ఉన్నవారికి మార్కెస్ బ్రౌన్లీ ఉన్నాడు. న్యూజెర్సీలో హైస్కూలు చదువుతుండగా, 2009లో, కొత్తగా కొన్న లాప్‌టాప్‌తో వచ్చిన చిన్న రిమోట్ గురించి మొదటి వీడియో తీశాడు. తొలి 100 వీడియోలు చేసేనాటికి అతన్ని అనుసరించేవారు 100 మంది కూడా లేరు, నేడు సుమారు 2 కోట్ల మంది ఉన్నారు. నాకు నచ్చింది ఆ అంకె కాదు. వస్తువు బాగాలేకపోతే, చేసిన సంస్థ ఎంత పేరున్నదైనా, ఎక్కడ బాగాలేదో నెమ్మదిగా చూపించి చెబుతాడు.

ఇక జలాయా హార్మన్. 2019లో, అట్లాంటా దగ్గరి ఫేయెట్‌విల్‌లో, 14 ఏళ్ళ ఈ పిల్ల 'రెనెగేడ్' అనే నృత్యాన్ని కూర్చి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టింది. కొద్ది వారాల్లో అది టిక్‌టాక్‌లోకి పాకి లక్షల మంది ఆడారు, ఆడినవారిలో కొందరు చాలా ప్రసిద్ధులయ్యారు, కూర్చిన పిల్ల పేరు మాత్రం ఎవరూ చెప్పలేదు. 2020 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ ఆమె కథను ప్రచురించాక, అదే నెలలో షికాగోలో జరిగిన ఎన్‌బీఏ ఆల్‌స్టార్ బాస్కెట్‌బాల్ వేడుకలో తన నృత్యాన్ని తానే ఆడింది. ఇది ఒక్క పిల్లకు జరిగిన అన్యాయం కాదు. 2021 వేసవిలో, తమ నృత్యాలు పేరు లేకుండా పోతున్నాయన్న బాధతో చాలామంది నల్లజాతి కళాకారులు, అందరూ ఎదురుచూస్తున్న ఒక కొత్త పాటకు నృత్యం కూర్చడమే మానేశారు.

మొన్న పెళ్ళిలో మీరు ఫోన్ చూసి నేర్చుకుని వేసిన స్టెప్పులు ఎవరు కూర్చారని నేను అడిగితే, మీరు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సంక్రాంతికి వచ్చేలోగా ఆ పేరు కనుక్కుని నాకు రాయండి.

ఇట్లు,
మీ అమ్మమ్మ