ఒక్క చిరుగు, 75 వేల డాలర్లు

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఎల్బో లేక్ అనే చిన్న ఊరుంది. అక్కడ ఒకాయన 10,100 డాలర్లకు పాత ఇల్లు కొని, బాగుచేసుకుంటూ ఒక గోడ పగలగొట్టాడు. చలి ఆగడానికి గోడలో కుక్కిన పాత పేపర్ల మధ్య నుంచి ఒక బొమ్మల పుస్తకం బయటపడింది. 1938 జూన్ నాటి ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచిక. సూపర్‌మ్యాన్ పుట్టింది అందులోనే. బంధువు ఒకావిడ ఆత్రంగా దాన్ని అందుకుంది, ఈయన గబుక్కున లాక్కున్నాడు, వెనక అట్ట కాస్తా చిరిగింది. ఆ చిరుగు ఖరీదు 75 వేల డాలర్లని తర్వాత తెలిసినవాళ్ళు లెక్కగట్టారు. పుస్తకం ఎంత చెక్కుచెదరకుండా ఉందో చూసి వేసే మార్కుల్లో పదికి ఒకటిన్నరే వచ్చిన ఆ పుస్తకమే 2013లో వేలంలో 1,75,000 డాలర్లు పలికింది. అచ్చయిన రోజున దాని వెల 10 సెంట్లు.

అదే సంచిక తాలూకు వేరే రెండు ప్రతుల సంగతి ఇంకా విచిత్రం. 2010 ఫిబ్రవరిలో 8.0 గ్రేడు ప్రతి 10 లక్షల డాలర్లకు పోయింది. మరుసటి నెలలో 8.5 గ్రేడు ప్రతి 15 లక్షలు పలికింది. అర మార్కుకి ఐదు లక్షల డాలర్లు! ఈ రెండోది అంత కొత్తగా ఎలా మిగిలిందంటే, ఏళ్ళ తరబడి ఒక పాత సినిమా పత్రిక మధ్యలో ఇరుక్కుని ఉండిపోయింది. గాలి తగల్లేదు, వెలుతురు తగల్లేదు, చేతులు తగల్లేదు.

ఈ మార్కులు వేసేదెవరు? 2000 సంవత్సరం దాకా అమ్మేవాడే చెప్పేవాడు. కాకి పిల్ల కాకికి ముద్దు కదా, ఎవరి పుస్తకం వాళ్ళకి కొత్తదానిలాగే కనబడేది. ఆ ఏడు సీజీసీ అనే సంస్థ వచ్చి, ఫీజు తీసుకుని గ్రేడు చెప్పే పని మొదలుపెట్టింది. అక్కడ ముందు పేజీలు లెక్కపెడతారు. ప్రకటనల్లోని కూపన్లు ఎవరైనా కత్తిరించుకున్నారేమో చూస్తారు. భూతద్దంతో, అతినీలలోహిత కాంతితో అతుకుల కోసం, దిద్దిన రంగుల కోసం వెతుకుతారు. ఒకరికి మించి చూశాక 0.5 నుంచి 10 దాకా ఒక అంకె ఖాయం చేసి, పుస్తకాన్ని గట్టి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి సీలు వేస్తారు. ఆ పెట్టెను ‘స్లాబ్’ అంటారు.

వాళ్ళ చూపు ఎక్కువగా పుస్తకం వెన్ను మీదే ఉంటుంది. మీ దగ్గరున్న ఏ పాత పత్రికనైనా కిటికీ దగ్గర కొంచెం వంచి పట్టుకుని చూడండి. పిన్నుల దగ్గర వెంట్రుకల్లాంటి తెల్ల గీతలు అడ్డంగా కనిపిస్తాయి. అట్ట తెరిచినప్పుడల్లా మడత దగ్గర సిరా పొర పగిలి, కింద కాగితం బయటపడుతుంది. మడతపడ్డా రంగు పగలకపోతే ఒక లెక్క, పగిలితే ఇంకో లెక్క. అంటే చదివిన కొద్దీ మార్కులు తగ్గుతాయి. 9.8 వచ్చిన పాత కామిక్ అంటే దాదాపుగా ఎవరూ చదవని కామిక్ అన్నమాట. పిల్లల కోసం అచ్చేసిన పుస్తకానికి ఇదేం మర్యాదో నాకైతే అర్థం కాదు.

చేతులు చేసే నష్టం సరే, ఎవరూ ముట్టుకోకపోయినా కాగితం ఊరుకోదు. కామిక్స్ లోపలి పేజీలు న్యూస్‌ప్రింటు. చెక్కను ఉన్నదున్నట్టు రుబ్బి ఆ గుజ్జుతో చేస్తారు కాబట్టి సెల్యులోజ్‌తో పాటు లిగ్నిన్ కూడా అందులోనే ఉండిపోతుంది. చెట్టులో నారలను అంటిపెట్టి ఉంచేది ఈ లిగ్నినే. దీనికి వెలుతురు, ఆక్సిజన్ తగిలితే పసుపు, గోధుమ రంగు పదార్థాలుగా మారుతుంది. ఎండలో వదిలేసిన దినపత్రిక రెండు రోజుల్లో పసుపెక్కేది ఇందుకే. ఆ రోజుల్లో సిరా పాకకుండా కాగితంలో పటిక జాతి లవణం, అల్యూమినియం సల్ఫేట్, కలిపేవారు. దానివల్ల కాగితానికి పులుపు గుణం, అంటే ఆమ్లత్వం వస్తుంది. సెల్యులోజ్ అంటే వేల గ్లూకోజ్ పూసలు గుచ్చిన దండ. ఆమ్లం, తేమ కలిసి ఆ దండను మధ్యమధ్యలో తెంపుతుంటాయి. తెగే కొద్దీ కొత్త ఆమ్లాలు పుడతాయి, అవి మళ్ళీ తెంపుతాయి. చివరికి పేజీ తిప్పితే అప్పడంలా విరుగుతుంది. పాత పుస్తకం తెరిస్తే ఒక వాసన వస్తుంది చూడండి, మనం కళ్ళు మూసుకుని పీల్చేది, అందులో ఈ కాగితం విరిగి వదిలే ఆవిర్లు కూడా ఉన్నాయి.

వేడి పెరిగితే ఈ పని ఇంకా జోరందుకుంటుంది. పది డిగ్రీలు పెరిగితే వేగం సుమారు రెట్టింపు అని మోటు లెక్క. 20 డిగ్రీల గదితో పోలిస్తే 40 డిగ్రీల బెజవాడ ఎండల్లో కాగితం నాలుగు రెట్ల వేగంతో ముసలిదవుతుంది.

చల్లటి చోట కాగితం నిలుస్తుందనడానికి ఒక ఉదాహరణ అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో దొరికింది. ఎడ్గర్ చర్చ్ అనే ఆయన ఫోన్ డైరెక్టరీలకు ప్రకటనల బొమ్మలు వేసేవాడు. కామిక్స్ కొని ఇంట్లో నిలువెత్తు దొంతరలుగా పేర్చుకున్నాడు. 1977లో వాటిని చక్ రోజాన్‌స్కీ అనే కుర్ర వ్యాపారి కొన్నాడు. 18 వేలకు పైగా పుస్తకాలు, చాలావరకు నిన్ననే కొట్లోంచి తెచ్చినట్టున్నాయి. అక్కడి గాలి పొడిగా, చల్లగా ఉంటుంది, గది చీకటి. దొంతర బరువుకి పేజీలు ఒకదానికొకటి అదుముకుని మధ్యలోకి గాలి చొరబడలేదు. పాత పుస్తకాల్లో అంచులు ముందు పసుపెక్కి, నడిమి భాగం తెల్లగా మిగిలేది కూడా ఇందువల్లే.

స్లాబ్‌లో పెట్టేస్తే కాగితం ముసలితనం ఆగుతుందనుకోవడం పొరపాటు. పెట్టె చేతుల్ని ఆపుతుంది, లోపలి ఆమ్లాన్ని ఆపలేదు. అందుకే ఆవిర్లను పీల్చుకునే ప్రత్యేకమైన కాగితాన్ని అట్టల వెనక పెడతారు. అది ఆలస్యం చేస్తుంది, అంతే.

సీజీసీ మామూలు పుస్తకానికి నీలం చీటీ, మరమ్మతు చేసి అందం పెంచిన పుస్తకానికి ఊదా చీటీ పెడుతుంది. ఊదా అంటే ధర పడిపోయినట్టే. అంచులు కోసినా ఊదాయే. ఇది చదివినప్పుడు నాకు మా ఇంటి ‘చందమామ’లు గుర్తొచ్చాయి. మా నాన్న ఏడాదికి పన్నెండు సంచికలూ బైండు చేయించేవారు. బైండరు మూడు వైపులా కత్తెర వేసేవాడు, ఒక్కోసారి బొమ్మ అంచు కూడా పోయేది. మైదా బంకలో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపేవాడు. పాత కాగితాలు బాగుచేసే నిపుణులు వాడేది కూడా గోధుమ పిండి జిగురే. కాకపోతే శుద్ధి చేసిన పిండి, సన్నటి జపాన్ కాగితం, తడిపితే ఊడి వచ్చేలా అతికిస్తారు. మైలుతుత్తంలోని రాగి మాత్రం కాగితానికి మంచిది కాదు.

బైండు చేయించాక వాటిని అటకెక్కించాం. ఇంట్లో వేసవి వేడంతా చేరేది అక్కడికే, వానాకాలం చెమ్మ కూడా. మధ్యగదిలో చెక్క బీరువా కింది అర ఎంతో నయం. స్కూలు పుస్తకాలకు వేసే మెత్తటి పీవీసీ కవర్లు జిగటెక్కి, ఆమ్లం వదులుతాయి. పాలిస్టర్ కవరు, వెనక ఆమ్లం లేని అట్ట ఉంటే చాలు. లామినేషన్ జోలికి మాత్రం పోవద్దు, దాన్ని వెనక్కి తీయలేం.

మా బైండులో ఒక పేజీకి ఎనిమిదో తరగతిలో నేను సెల్లో టేపు వేశాను. టేపు ఎప్పుడో ఎండి ఊడిపోయింది. జిగురు మాత్రం కాగితంలోకి ఇంకి, తేనె రంగు పట్టీలా, అవతలి పేజీ బొమ్మలో రాజుగారి మొహం మీద తేలింది.