వెయ్యి గోబ్లిన్లు, ఒక వంతెన

పిల్లలకు పెదనాన్న ఆశీస్సులు.

ఒకరు కథ నడుపుతుంటే తక్కినవాళ్ళు ఒక్కో వీరుడి పాత్ర వేసి పాచికలతో ఆడే ఆట కదా మీ డంజన్స్ అండ్ డ్రాగన్స్. వచ్చే శనివారం అందులో మీ కోట మీదికి వెయ్యి గోబ్లిన్లు (కురచ రాక్షసులు) వస్తున్నాయని, ఇన్నింటికీ పాచికలు ఎలా వెయ్యాలని అడిగారు. వెయ్యకండి. ఆ పని నేను ఒకసారి చేశాను. వంతెన దగ్గర నలభై గోబ్లిన్లు, ఎదురుగా మావాళ్ళు నలుగురు. ఒక్కోదానికీ ఇరవై ముఖాల పాచిక వేసి, తగిలితే దెబ్బ ఎంతో తేల్చడానికి ఇంకో పాచిక వేసి, కాగితం మీద గీతలు గీసుకుంటూ పోయాను. ఆటలో ఒక రౌండ్ అంటే ఆరు సెకన్లు. ఆ ఆరు సెకన్లు గడవడానికి మాకు ముప్పావుగంట పట్టింది. మాంత్రికురాలి పాత్ర వేస్తున్న అమ్మాయి తన వంతు వచ్చేసరికి బల్ల మీద తల వాల్చి నిద్రపోతోంది. లేపితే కళ్ళు నులుముకుంటూ, "వంతెన ఇంకా ఉందా?" అంది. ఆ అమ్మాయికి కావలసింది వంతెన కబురు. అంతసేపూ నేను చెప్పింది గోబ్లిన్ల కబురు.

నిజానికి ఈ ఆట పుట్టిందే సైన్యాల ఆటలోంచి. 1971లో గ్యారీ గైగాక్స్, జెఫ్ పెరెన్ కలిసి 'చైన్‌మెయిల్' అనే మధ్యయుగపు యుద్ధాల ఆట తెచ్చారు. అందులో బల్ల మీద నిలబెట్టిన ఒక్క బొమ్మ ఇరవై మంది సైనికులకు లెక్క. చివర్లో మాయలూ డ్రాగన్లూ ఉన్న భాగం ఒకటి చేర్చారు. అక్కడ ఒక వీరుడు నాలుగు బొమ్మల పెట్టు. అమెరికాలోనే మినెసోటాలో ఉండే డేవ్ ఆర్నెసన్ తన ఆటలో ఒక్కో ఆటగాడికి సేనకు బదులు ఒక్క మనిషిని అప్పగించాడు. 1974లో ఆర్నెసన్, గైగాక్స్ పేర్లతో మీరాడే ఈ ఆట వచ్చింది. సేనను వదిలి మనిషి దగ్గరికి వచ్చిన ఆట కదా, సేన మళ్ళీ వచ్చిన రోజున ఆ మనిషి గుంపులో తప్పిపోకుండా చూసుకోవాలి.

అందుకని ముందు రోజే ఒక కాగితం తీసుకుని, మీ వీరులు అసలు లేకపోతే యుద్ధం ఎలా నడుస్తుందో రాసుకోండి. మధ్యాహ్నానికి అగడ్త పూడుస్తారు. పొద్దువాలేసరికి తూర్పు బురుజు కూలుతుంది. చీకటిపడ్డాక తలుపులు విరుగుతాయి. ఇక వీరులు వెళ్ళి అడ్డుపడగల చోట్లు మూడో నాలుగో పెట్టండి, అవన్నీ ఒకే సమయంలో జరిగేలా. బురుజు దగ్గరికి పోతే బావి దగ్గర ఎవరూ ఉండరు. ఎటు పోవాలో తేల్చుకోలేక బల్ల చుట్టూ వాదన మొదలైందంటే యుద్ధం మొదలైనట్టే. భారతంలో పద్నాలుగో రోజు చూడండి, అక్షౌహిణులు కొట్టుకుంటున్నా వినేవాళ్ళ ప్రాణమంతా ఒక్కచోటే ఉంటుంది: పొద్దుగుంకేలోపు అర్జునుడు సైంధవుణ్ణి అందుకుంటాడా, లేదా?

వీరుల కత్తికి అందేవాటికి మాత్రం లెక్క కావాలి. అదీ పాచికలు లేకుండానే తేలుతుంది. మీ యోధుడి కవచం అంకె 17 అనుకుందాం, అంటే దెబ్బ తగలాలంటే మొత్తం కనీసం అంత రావాలి. గోబ్లిన్ దాడికి 4 కలుస్తుంది కాబట్టి పాచిక మీద 13 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడితేనే తగులుతుంది. ఆట నడిపే మనిషి (డంజన్ మాస్టర్) కోసం వేసిన 2014 నాటి పుస్తకంలో గుంపుల కోసం ఒక పట్టిక ఉంది. 13 కావలసినప్పుడు ముగ్గురు దాడి చేస్తే ఒక దెబ్బ తగిలినట్టు. గళ్ళ పటం మీద ఒక మనిషి చుట్టూ ఎనిమిదికి మించి పట్టవు. ఎనిమిదిలో రెండు తగులుతాయి. దెబ్బకు సగటున 5. "ప్రాణంలోంచి పది పాయింట్లు తీసేసుకో, ఇప్పుడేం చేస్తావు?" అని అడగడానికి పది సెకన్లు చాలు.

వెనకున్న తొమ్మిది వందల పైచిలుకు గోబ్లిన్లని లెక్కపెట్టొద్దు, వాటి ధైర్యం చూడండి. ఏ సేనైనా చివరి ప్రాణి చచ్చేదాకా నిలబడదు, ముందే చెదిరిపోతుంది. ఇదే ఆటకు 1981లో వచ్చిన 'బేసిక్' నియమాల్లో నాకు అన్నిటికన్నా నచ్చినది ఇదే: ప్రతి జీవికీ ధైర్యపు అంకె ఒకటి ఉంటుంది, మామూలు పాచికలు రెండు వేసి అంతకన్నా ఎక్కువ పడితే అవి పారిపోతాయి. గోబ్లిన్ల అంకె 7. తమ రాజు పక్కనే ఉండి పోరాడుతుంటే 9. రాజు ఉన్నంతసేపూ 36లో 6 సార్లే చెదురుతాయి. రాజు పడ్డాడా, 36లో 15 సార్లు. వెయ్యింటిని చంపలేని నలుగురు పిల్లలకి ఒక్క రాజును పడగొట్టే దారి దొరికినట్టే కదా! ఆ రాజును ఎక్కడో గుడారంలో దాచకండి. ఎర్రజెండా కింద, బురుజు మీంచి కనబడేలా, అందుకోవడం కష్టమనిపించేంత దూరంలో నిలబెట్టండి.

మిగతా యుద్ధం వాళ్ళ చెవుల్లో పడాలి. రెండు రౌండ్లకోసారి ఒక్క వాక్యం చాలు: "పడమటి గోడ మీద బాకా మోగుతూ మోగుతూ మధ్యలో ఆగిపోయింది." ఎందుకు ఆగిందో చెప్పకండి. ఎవరో ఒకరు అటు పరిగెత్తుతారు.

శనివారం ఆట అయ్యాక ఎంత పొద్దుపోయినా సరే ఫోన్ చెయ్యండి. తూర్పు బురుజు ఏమైందో తెలిసేదాకా నాకు నిద్ర పట్టదు.

మీ పెదనాన్న